మిద్దెకు పిట్టగోడ

పఠన భాగములు: ద్వితీయోపదేశకాండము 22:8, నిర్గమకాండము 21:28-32, హబక్కూకు 2:15



వేసవి రాత్రులలో మిద్దెలమీద పండుకొనుట మన కర్నూలు కడప సీమలలో అనాదిగా ఉన్న అలవాటు. పగలంతయు కాగిన రాతిగోడల నడుమ నిద్ర పట్టదు. పొద్దు గూకగానే చాపలు మీదికి చేరును, పిల్లలు మీదికి చేరుదురు, చివరకు ముసలివారును నిచ్చెన పట్టుకొని ఎక్కుదురు. అట్టి మిద్దెమీదనుండి నిద్రలో దొర్లి పడినవారిని గూర్చి మీరును వినియుందురు, నేనును వింటిని.

ద్వితీయోపదేశకాండములో ఈ మిద్దెను గూర్చియే ఒక ఆజ్ఞ యున్నది. క్రొత్త యిల్లు కట్టువాడు దాని పైకప్పునకు చుట్టును పిట్టగోడ కట్టింపవలెను. లేనియెడల ఎవడైనను పడి చచ్చినచో ఆ దోషము ఇంటిమీదికి వచ్చును. ఎత్తునుండి మనుష్యులు పడుదురన్న సంగతి ఇశ్రాయేలీయులకు తెలియకపోయెనా? తెలియును. మోషే వారికి క్రొత్త వార్త యేమియు చెప్పలేదు. తెలిసిన సంగతిని గోడగా కట్టుమనెను. పడినవాడు ఒళ్లు తెలియక పండుకొన్నాడని చెప్పి ఇంటి యజమానుడు తప్పించుకొనుటకు ఆ ఆజ్ఞలో సందు లేదు.

నిర్గమకాండములో పొడుచు ఎద్దును గూర్చిన విధి యున్నది. సేద్యగాండ్రైన మనకు దానిని వివరింప నక్కరలేదు. ఎద్దు మొదటిమారు ఒకని పొడిచి చంపినయెడల దాని యజమానుడు నిర్దోషి. అది పొడుచు ఎద్దని అతనికి ముందే తెలుపబడినను కట్టివేయక విడిచినయెడల అతడును శిక్షకు పాత్రుడు. తెలియకముందు ఒక లెక్క, తెలిసిన తరువాత మరియొక లెక్క. ఈ నెల పాఠమంతయు ఈ రెండు విధుల మీదనే నిలిచియున్నది. మద్యమను ఎద్దును గూర్చి మనకు తెలుపబడినదా? తెలుపబడినయెడల కట్టుకొయ్య ఎక్కడ?

మొదటి ప్రశ్నకు జవాబు తేలిక. ఫ్రాన్సు దేశమందలి లియోన్ నగరములో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కాన్సరు పరిశోధన సంస్థ యొకటి కలదు. ఆ సంస్థ 1988లో మద్య పానీయములను మనుష్యులకు కాన్సరు కలిగించునవిగా తేల్చి మొదటి తరగతిలో చేర్చెను. పొగాకు చేరియున్న తరగతియు అదియే. మద్యములోని ఆల్కహాలు శరీరములో, ముఖ్యముగా కాలేయములో, అసిటాల్డిహైడ్ అను విషముగా మారును. ఆ విషము కణముల లోపలి డి.ఎన్.ఏ.ను చెరుపును. అందువలన నోరు, గొంతు, అన్నవాహిక, కాలేయము, పెద్దప్రేగు, స్త్రీలయందు రొమ్ము, ఈ అవయవములకు కాన్సరు వచ్చు ప్రమాదము పెరుగును. పొగాకు తోడైనయెడల నోటికిని గొంతునకును ప్రమాదము మరింత హెచ్చును. మన ఊళ్లలో బీడీయు సీసాయు ఒకే అరుగుమీద కూర్చుండును గదా! అమితముగా త్రాగువారికి క్షయరోగము తగులుట ఇతరులకంటె ఇంచుమించు మూడింతలు ఎక్కువ. ఈత కల్లు ఒంటికి చలువ అనియు, బ్రాందీ జలుబునకు మందు అనియు చెప్పుకొనుట మీరు వినియే యుందురు. కల్లైనను, నాటుసారాయైనను, సీసా బ్రాందీయైనను లోపల పనిచేయు వస్తువు ఆల్కహాలు ఒక్కటే. పాళ్లు మాత్రమే వేరు.

ఆరోగ్యమునకు హానిలేని మోతాదు ఇంత అని చెప్పదగినది ఏదియు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో ప్రకటించెను. 2019 సంవత్సరములో మద్యము మూలముగా లోకమంతట 26 లక్షలమంది చనిపోయిరని ఆ సంస్థయే 2024లో లెక్క తెలిపెను. వారిలో 20 లక్షలమంది పురుషులు. పౌలు తిమోతికి కడుపు జబ్బు నిమిత్తము కొంచెము ద్రాక్షారసము పుచ్చుకొమ్మని వ్రాసెను గదా అని అడుగువారు ప్రతి కూడికలోను ఒక్కరైనను ఉందురు. తిమోతి కాలమున ప్రాథమిక ఆరోగ్య కేంద్రము లేదు. మనకు ఉన్నది. అంతటితో ఆ మాట చాలును.

కాబట్టి ఎద్దు పొడుచునని మనకు తెలుపబడినది. అయితే తెలియుట చాలునా?

కొన్ని ఏండ్ల క్రిందట ఒక పల్లెలో నలుబది ఏండ్లు నిండని కూలి మనుష్యుని భూస్థాపనకు వెళ్లితిని. కండ్లు పచ్చబడి, కడుపున నీరు చేరి, కాళ్లు వాచి, మూడు మాసములు మంచముమీద నుండి పోయెను. ఆరాధన ముగిసిన తరువాత అతని భార్యతో, ముందుగనే మానిపించియుంటే బాగుండునని ఏదో అంటిని. అనకుండవలసినది. ఆమె నన్ను చూచి, "తెలీక కాదు అయ్యగారూ. డాక్టరు చెప్పినాడు, మీరు చెప్పినారు, నేనూ చెప్పినా. పనికి పోయే దారిలో అంగడి, పనినుంచి వచ్చే దారిలో అంగడి. తెలిసి ఏం జేయాల?" అనెను. నాకు జవాబు దొరకలేదు. నేను ఇరువది ఏండ్లు మిద్దెమీద నిలువబడి "పడుదురు, జాగ్రత్త" అని అరచితినే గాని గోడకు ఒక్క రాయియు మోయలేదని ఆ దినమున గ్రహించితిని.

మన జిల్లాలలో ఈ గోడ కట్టుటకు మునుపు ప్రయత్నములు జరుగలేదనుకొనకుడి. మన పిల్లలకు తెలియని చరిత్ర కొంత యున్నది. 1937లో మద్రాసు రాజధాని ముఖ్యమంత్రియైన రాజగోపాలాచారి గారు మద్యనిషేధ చట్టమును తెచ్చి మొదట సేలము జిల్లాలో అమలు జరిపిరి. మరుసటి ఏడు, 1938 అక్టోబరు 1వ తేదీనుండి, చిత్తూరుతోపాటు మన కడప జిల్లాలోను అంగళ్లు మూతపడెను. ఇందులో మనము గమనింపవలసినది ఒకటి యున్నది. కల్లు సారా వేలములవలన వచ్చు రాబడి ప్రభుత్వమునకు చాల పెద్దది. ఆ రాబడి పోయినయెడల బడులు ఎట్లు నడచును, రోడ్లు ఎట్లు వేయుదురు? ఆ లోటు పూడ్చుటకు 1939లో సరకులమీద సాధారణ అమ్మకపు పన్ను విధించిరి. మనదేశములో అట్టి పన్ను అదియే మొదటిది. వర్తకులు దానిని చాల ఎదిరించిరి. అయినను చట్టము చేసినవారికి ఒక సంగతి తెలియును. త్రాగుబోతు జేబుమీద ఆధారపడిన ఖజానా, వాడు మానుకొనవలెనని మనఃపూర్వకముగా కోరజాలదు.

యుద్ధకాలములో ఆ నిషేధము ఆగిపోయెను. 1946లో మరల ఆరంభమై 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతట, మన కర్నూలుతో సహా, వ్యాపించెను. 1950లో అమలునకు వచ్చిన మన రాజ్యాంగము 47వ అధికరణములో ప్రజారోగ్యమును వృద్ధిచేయుటయు, మత్తు పానీయములను ఔషధమునకు తప్ప నిషేధింప ప్రయత్నించుటయు రాజ్యము విధియని నిర్ణయించెను. ఆరోగ్యమును మద్యమును ఒకే అధికరణములో చేర్చుట గమనింపదగినది. అది నీతి బోధగా గాక, తిండి, వైద్యము వీటి సరసన వ్రాయబడినది.

ఇక కర్నూలు సంగతి. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రమేర్పడి కర్నూలు రాజధాని ఆయెను. ఏడాది తిరిగెనో లేదో, మద్యనిషేధము మీదనే ప్రభుత్వము కూలెను. నిషేధము సరిగా సాగుటలేదనియు, దొంగసారా పెరిగెననియు, తాటిచెట్టు ఈతచెట్టు నమ్ముకొన్న గీత పనివారు దిక్కులేక పోయిరనియు వాదము బలపడెను. గీత పనివారి పక్షమున గౌతు లచ్చన్న గారు పోరాడిరి. విచారణ సంఘము నిషేధమును ఎత్తివేయుమని సిఫారసు చేసెను. ప్రకాశము పంతులు గారి ప్రభుత్వము దానిని అంగీకరింపలేదు. 1954 నవంబరులో కర్నూలు శాసనసభలో అవిశ్వాస తీర్మానము ఒక్క వోటు తేడాతో నెగ్గి మంత్రివర్గము పడిపోయెను.

ఈ సంగతిని చెప్పుకొని నిషేధమునకు శత్రువులైనవారిని నిందించుట సులభము. నాకు మాత్రము గీత పనివారి ఫిర్యాదు న్యాయముగానే తోచుచున్నది. ఒకని రోగమును మాన్పుటకు మరియొకని కూడు తీసివేసి, వానికి మారుపని చూపకపోయినయెడల ఆ చట్టము సగము చట్టమే. అంగడి మూయు దినముననే గీత పనివానికి చెప్పులు కుట్టు పనియో, సేద్యమునకు నేలయో చూపవలసియుండెను. చివరకు 1969లో రాష్ట్రప్రభుత్వము నిషేధమును సడలించెను. సారా వేలములు మరల వచ్చెను. 1980వ దశకమున ప్రభుత్వమే సారాను ప్లాస్టిక్ పొట్లములలో నింపించి పల్లెలకు చేర్చెను. పూర్వము త్రాగువాడు అంగడికి నడచి పోవలసియుండెను. ఇప్పుడు పొట్లము వాని చేతి సంచిలోనికి, అక్కడనుండి గుడిసెలోనికి వచ్చెను.

తరువాత జరిగినది నెల్లూరు జిల్లా స్త్రీల పని. 1991లో ఆ జిల్లాలో వయోజనులకు చదువు నేర్పు ఉద్యమము సాగినప్పుడు, వాచకములో సీతమ్మ అను ఒక స్త్రీ కథ యుండెను. త్రాగుడువలన చెడిన కాపురపు కథ అది. దూబగుంట అను పల్లెలో రాత్రిబడికి వచ్చిన కూలి స్త్రీలు ఆ పాఠము చదివి, ఇది మా కథయే అని చెప్పుకొనిరి. సారా అంగడి మూయించిరి. ఆ ఊరి రోశమ్మ పేరు రాష్ట్రమంతట తెలిసెను. 1992లో ఊరూర స్త్రీలు చీపుళ్లు కారము పట్టుకొని సారా బండ్లను త్రిప్పి పంపిరి, జిల్లా కేంద్రములలో వేలములను అడ్డుకొనిరి. ఆ గాలి మన రాయలసీమకును వీచెను. ఆ యేడు అక్టోబరులో ముఖ్యమంత్రియైన కోట్ల విజయభాస్కరరెడ్డి గారు మన కర్నూలు జిల్లావారే. వారు 1993 ఏప్రిలులో నెల్లూరు జిల్లాలోను, అక్టోబరు 1న రాష్ట్రమంతటను సారాను నిషేధించిరి.

సారా కాలేయమును చెరుపునని ఆ స్త్రీలకు వాచకము రాకముందును తెలియును. వారి వీపులకు తెలియును, వారి కుండలకు తెలియును. అయితే ఆ యెరుక ఇంటింటికి విడివిడిగా, సిగ్గుతో మూసిపెట్టినదై యుండెను. పదిమంది కలిసి చదివినప్పుడు ఒక్కొక్కతె కష్టము అందరి కష్టమైనది. అది వేలము జరుగు చోటికి నడచినప్పుడు చట్టమైనది. రాత్రిబడులు, బైబిలు స్త్రీలు, ఆదివారపు బడులు మన సంఘములలో ఎన్నో తరములుగా ఉన్నవి. మన వాచకములలో సీతమ్మ పాఠము ఎందుకు లేకపోయెనో మనమే ఆలోచించుకొనవలెను.

1995 జనవరిలో నందమూరి తారక రామారావు గారి ప్రభుత్వము సంపూర్ణ మద్యనిషేధము తెచ్చెను. పొరుగు రాష్ట్రములనుండి సరుకు దొంగతనముగా వచ్చెను, నల్లమల అంచున బెల్లపు ఊట కాగెను, ఖజానా తరిగెను. 1997లో చంద్రబాబు నాయుడు గారి ప్రభుత్వము నిషేధమును సడలించెను. సారా నిషేధము మాత్రము ఉండిపోయెను. 2019 అక్టోబరులో జగన్మోహనరెడ్డి గారి ప్రభుత్వము దశలవారి నిషేధమని చెప్పి అంగళ్లను తానే చేపట్టి, 4,380 ఉన్నవాటిని 3,500కు తగ్గించెను. 2020 మేలో ధరలను 75 శాతము పెంచెను. కర్నూలులో తుంగభద్ర వంతెన దాటినయెడల తెలంగాణ. ఆదోని దాటినయెడల కర్ణాటక. మూడు ప్రక్కల గోడ కట్టి నాలుగవ ప్రక్క విడిచినట్లాయెను. 2024 అక్టోబరు 16నుండి అంగళ్లు మరల ప్రైవేటువారి చేతికి పోయెను. 3,396 దుకాణములు లాటరీ వేసి ఇచ్చిరి. నాణ్యమైన మద్యము అందుబాటు ధరకు అను మాటతో 99 రూపాయల క్వార్టరు వచ్చెను. ఏ పక్షము మంచిదో చెప్పుట ఈ పత్రిక పని కాదు. పక్షములు మారినను ఆ విధవరాలి ప్రశ్న మారలేదు.

ఇంకొక సంగతి విడువరాదు. 2020 జూలై నెలాఖరున, అంటువ్యాధి నిమిత్తము మద్యపు అంగళ్లు మూసియున్న కాలమున, ప్రకాశము జిల్లా కురిచేడులో త్రాగుడునకు బానిసలైనవారు చేతులు శుభ్రపరచుకొను శానిటైజరు త్రాగి పదిమందికి పైగా చనిపోయిరి. అంగడి మూయుట ఒకటి, అలవాటుపడిన దేహమును నయము చేయుట మరియొకటి. ఏండ్లతరబడి ప్రతిదినము అమితముగా త్రాగినవాడు హఠాత్తుగా మానినయెడల వణకు, మూర్ఛలు, మతిభ్రమ రావచ్చును. ప్రాణమునకే అపాయము కలుగవచ్చును. ఇట్టివానిని ఇంటిలో కట్టివేసి మానిపింపరాదు, ఆసుపత్రికి కొనిపోవలెను. అంగళ్లు తగ్గించు చట్టముతోపాటు మంచములును మందులును పెంచు చట్టము లేనియెడల గోడ కట్టుచు మనుష్యులను క్రిందికి త్రోసినట్లే యగును.

అయితే ఏ గోడ నిలుచును? ఆరోగ్య శాస్త్రజ్ఞులు ఈ విషయమును అనేక దేశములలో పరిశీలించియున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఐదు పనులను ప్రభుత్వములకు సూచించెను. అంగళ్లను వాటి వేళలను తగ్గించుట, త్రాగి బండి నడుపువారిని పట్టుకొనుట, రోగులకు చికిత్స అందించుట, ప్రకటనలను ఆపుట, పన్నులు వేసి ధర పెంచుట. వినుటకు ఇవి చప్పగా నుండును. కాని స్కాట్లండు దేశము 2018 మే నెలలో ఇంత ఆల్కహాలునకు ఇంతకంటె తక్కువ ధరకు అమ్మరాదను చట్టమును అమలు జరిపెను. అయిదేండ్ల తరువాత లెక్క చూడగా, చట్టము లేనియెడల ఉండదగిన సంఖ్యకంటె మద్యము వలని మరణములు ఇంచుమించు 13 శాతము తక్కువగా నుండెను. రష్యా ఇట్టి చర్యలనే అనేక ఏండ్లు విడువక జరుపగా 2003 మొదలు 2016 వరకు అచ్చట త్రాగుడు 43 శాతము తగ్గెను. సంపూర్ణ నిషేధమువలె ఇవి ఒక్కరాత్రిలో పేరు తెచ్చునవి కావు. పిట్టగోడ మోకాలెత్తునకు వచ్చినను పసిబిడ్డ దొర్లి పడకుండ ఆపును గదా.

నా అభిప్రాయము చెప్పుదును, మీరు వేరుగా తలంచిన తలంచుడి. మన సీమలో సంపూర్ణ నిషేధము కొన్ని మారులు వచ్చి పోయెను. వచ్చినప్పుడు పండుగ చేసికొంటిమి, పోయినప్పుడు నిట్టూర్చితిమి. నడుమ కాలములో మనము ఏమియు చేయలేదు. ఇప్పటికిని చేయదగినవి కొన్ని చట్టములో వ్రాసియే యున్నవి. ఇరువది యొకటి ఏండ్లు నిండనివానికి మద్యము అమ్మరాదు. బడికిని ఆరాధన స్థలమునకును నూరు మీటర్ల లోపల దుకాణము పెట్టరాదు. జాతీయ, రాష్ట్ర రహదారుల ప్రక్కన అంగళ్ల దూరమును గూర్చి సుప్రీము కోర్టు 2016 డిసెంబరులో తీర్పు చెప్పెను. కర్నూలునుండి నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా కడపకు పోవు రోడ్డుమీద రాత్రివేళ ప్రయాణము చేయువారికి ఆ తీర్పు విలువ నేను చెప్పనక్కరలేదు. లైసెన్సు లేక కిరాణా కొట్టులో, ఇంటి అరుగుమీద సీసాలు అమ్ము బెల్టు షాపు ఏ ప్రభుత్వమునందైనను చట్టవిరుద్ధమే. అది మన పేటలోనే, ఒక్కొక్కప్పుడు మన సంఘపు మనిషి యింటిలోనే నడుచుచున్నది. పొరుగువానికి త్రాగించువానిని గూర్చి హబక్కూకు చెప్పినది మొదట అక్కడ చదువుకొనవలెను.

సంఘ పెద్దలతో ఒక మాట. త్రాగువాని పేరు ప్రభుబల్లనుండి తీసివేయుట మనకు తెలిసిన ఏకైక వైద్యమైపోయినది. పేరు తీసివేసిన తరువాత వాని యింటికి వెళ్లినవారు ఎందరు? కర్నూలు, కడప పెద్దాసుపత్రులకు తోడుగా బస్సు ఎక్కినవారు ఎందరు? వ్యసనము మానదలచినవారికి కేంద్రప్రభుత్వము 14446 అను ఉచిత టెలిఫోను సహాయము నడుపుచున్నది. ఆ సంఖ్యను గుడి తలుపునకు అంటించుట నిమిషపు పని.

వచ్చే నెల స్త్రీల కూడికలోను యౌవనుల కూడికలోను ఈ పాఠమును చదివి, క్రింది సంగతులు విచారించుకొని రండి. మీ ఊరి దుకాణమునుండి బడి వాకిటికి ఎన్ని మీటర్లు? టేపు పట్టి కొలువుడి, కంటితో అంచనా వేయకుడి. అది తెల్లవారి ఎన్ని గంటలకు తెరచుచున్నది, రాత్రి ఎన్నింటికి మూయుచున్నది? వారము దినములు వ్రాసి పెట్టుడి. ఇరువది యొకటి ఏండ్లు నిండని పిల్లలు కొనుట మీలో ఎవరైనను కన్నులార చూచితిరా? బెల్టు షాపులు ఎన్ని? గత మూడేండ్లలో మీ సంఘములో త్రాగుడువలన చనిపోయినవారు, పని చేయలేని స్థితికి వచ్చినవారు ఎందరు? వారి పేర్లు వ్రాయక సంఖ్య మాత్రము వ్రాయుడి. ఈ కాగితమును గ్రామసభ జరుగు దినమున చదివించి తీర్మానము అడుగుడి. అక్కడ వినకపోయినయెడల సోమవారమున కలెక్టరు కచేరీలో అర్జీలు తీసికొందురు. అర్జీలో శాపములు వ్రాయకుడి, తేదీలు దూరములు సంఖ్యలు వ్రాయుడి. ఒక నకలు మీయొద్ద ఉంచుకొని, రసీదు తప్పక అడిగి పుచ్చుకొనుడి.